మడ్డినూనెను మేలిమి చేసిన యూజీన్ హూడ్రీ

నువ్వులను గానుగలో ఆడించినపుడు నూనె యొకవంకను తెలగపిండి యొకవంకను చేరును. నూనె వంటయింటికిని, పిండి పశువుల కొట్టమునకును పోవును. గానుగవాని లెక్కలో వ్యర్థమను పద్దు లేదు. భూగర్భమునుండి తోడెడు ముడిచమురు విషయమున మానవుడు చిరకాలము ఇంతటి పొదుపును నేర్వడయ్యెను. ముడిచమురును పెద్ద కాగులలో కాచి, లేచు ఆవిరులను వేరువేరుగా చల్లార్చి పట్టినచో మొదట పెట్రోలును, పిదప కిరసనాయిలును, ఆపై డీజెలునూనెయును దిగును. అడుగున నల్లని చిక్కని మడ్డి నిలుచును. పందొమ్మిదవ శతాబ్దమున దీపమునకు పనికివచ్చు కిరసనాయిలే జనులకు ప్రధానము. అంతకంటె తేలికయై తటాలున మండు పెట్రోలును ఏమి చేసుకొనవలయునో తెలియక పారబోసిన దినములును గలవు. మోటారుబండ్లు వచ్చిన వెనుక వ్యవహారము తలక్రిందయ్యెను. పెట్రోలు ఎంతయున్నను చాలదు. మడ్డి మాత్రము కావలసినదానికంటె మిక్కుటముగ మిగులుచుండెను. అందలి అధికభాగము బాయిలరులక్రింద చౌకవెలకు తగులబడుచుండెను.

ఈ మడ్డియు పెట్రోలును జాతిచేత భిన్నములు గావు. రెండును బొగ్గు, ఉదజని అను రెండు మూలద్రవ్యముల కూర్పులే. పెట్రోలులో ఆ కూర్పులు పొట్టి గొలుసులు. మడ్డిలో మిక్కిలి పొడవైన చిక్కుపడిన గొలుసులు. పొడవైనవానిని తుంచగలిగినచో బరువైన నూనె తేలికనూనె యగును. 1913లో అమెరికాదేశమున ఇండియానా రాష్ట్రమందలి వైటింగు పట్టణమున విలియం బర్టన్ అను రసాయనవేత్త బరువునూనెను మూసిన పాత్రలో ఒత్తిడితో మిక్కిలిగా కాచి ఆ గొలుసులను తుంచు విధానమును వాడుకలోనికి తెచ్చెను. పెట్రోలు దిగుబడి దానివలన ఇంచుమించు రెట్టింపయ్యెను. ఐనను అది కేవలము అగ్నిబలముచేత చేయు పని. మోటుగొడ్డలితో కట్టెలు చీల్చినట్లు గొలుసులు ఎచ్చట తెగవలెనో అచ్చటనే తెగునను నిశ్చయము లేదు. వచ్చిన పెట్రోలు మేలురకముది కాకపోవుటయు, బొగ్గుమసి పాత్రల నిండ పేరుకొని మాటిమాటికి పని నిలుపవలసివచ్చుటయు ఆ పద్ధతికి లోపములు. ఈ లోపములను తీర్చి, మడ్డినూనెనుండి తేటయైన మేలి ఇంధనమును తీసిన ఘనత యూజీన్ హూడ్రీ అను ఫ్రెంచి యంత్రశిల్పికి దక్కినది. అతడు పట్టభద్రుడైనది యంత్రశాస్త్రమునగాని రసాయనశాస్త్రమున గాదు.

హూడ్రీ 1892వ సంవత్సరము ఏప్రిల్ 18వ తేదీన పారిసు నగరమునకు సమీపమందలి డోమోన్ గ్రామమున జన్మించెను. తండ్రి భవనములకు వలయు ఉక్కుదూలములు మొదలగువానిని తయారుచేయు కర్మాగారమునకు అధిపతి. కుమారుడు యంత్రకళాశాలలో చదివి 1911లో తరగతికెల్ల ప్రథముడై బంగారుపతకము నొంది, తండ్రి వ్యాపారమున ప్రవేశించెను. చదువునందేకాక కాలిబంతి ఆటయందును అతడు నాయకుడే.

ఇంతలో మొదటి ప్రపంచయుద్ధము వచ్చెను. హూడ్రీ సైన్యమున చేరి, అప్పటికి క్రొత్తగా వెలసిన టాంకుల దళమున పనిచేసెను. 1917లో జువెంకూర్ వద్ద ఫ్రెంచివారు తమ టాంకులను మొదటిమారు రణరంగమునకు దింపిరి. అందు అనేకములు చెడి నిలిచిపోయెను. ఫిరంగిగుండ్లు వర్షించుచుండగా నిలిచిన టాంకులను బాగుచేయించు పనికి హూడ్రీ పూనుకొని, తానును తీవ్రముగ గాయపడెను. ప్రభుత్వము అతనికి యుద్ధశౌర్య పతకము నొసగెను. పగిలినదానిని పారవేయక మరల నడిపింపజూచు ఈ గుణము అతనికి జీవితాంతము నిలిచినది.

యుద్ధానంతరము అతని మనస్సు తండ్రిగారి ఉక్కుపనిపై నిలువలేదు. మోటారు పందెములపై అతనికి మక్కువ హెచ్చు. స్వయముగ బుగాటీ కారును తోలుచుండెడివాడు. 1922లో అమెరికాకు పోయి ఫోర్డు కర్మాగారమును, ఇండియానాపొలిస్ పందెమును చూచివచ్చెను. పందెపుబండి ఎంత వేగముగ పోవునను ప్రశ్న కొంత ఇంజనుపైని, కొంత అందు పోయు ఇంధనముపైని ఆధారపడును. తక్కువరకపు పెట్రోలు ఇంజనులో తగిన క్షణమునకు ముందే అంటుకొని టకటకమను చప్పుడు చేయుచు బలమును హరించును. ఈ దోషము లేకుండ మండు గుణమును ఆక్టేను సంఖ్యచేత కొలుతురు. మేలైన ఇంధనమును చేయవలెనను కోరిక హూడ్రీకి ఇట్లు పుట్టినది.

ఫ్రాన్సుదేశమునకు అపుడు స్వంత చమురు లేదనదగియుండెను. యుద్ధకాలమున పెట్రోలునకై పరదేశముల ముఖము చూడవలసిన దుర్గతిని ఆ ప్రభుత్వము మరువలేదు. ఆ రోజులలో నీస్ పట్టణమున ప్రూడొమ్ అను ఔషధకారుడు లిగ్నైటు అను నాసిరకపు నేలబొగ్గునుండి పెట్రోలు తీయుచున్నాడను వార్త హూడ్రీ చెవినిబడెను. అతడు కొందరు మిత్రులను కూర్చుకొని ప్రూడొమ్‌తో చేరి, పారిసునకు దాపుననున్న బోషాంలో పరిశోధనశాలను నెలకొల్పెను. ప్రభుత్వపు సహాయముతో 1929లో దినమునకు 60 టన్నుల లిగ్నైటును వాడు కర్మాగారము నడవసాగెను. పెట్రోలు వచ్చెను, వచ్చిన పెట్రోలు వెల మాత్రము ఓడలపై దిగు పెట్రోలు వెలకంటె మించిపోయెను. ప్రభుత్వము చేయి విడిచెను. కర్మాగారము మూతపడెను. ఎన్నో ఏండ్ల శ్రమయు ధనమును ఖర్చు పద్దులోనికే పోయినట్లు పైకి కనబడును. కాని లిగ్నైటు పని సాగుచుండగనే అతడు మరియొక దారిని త్రొక్కియుండెను.

ఉత్ప్రేరకమను పదార్థమును గురించి యిచ్చట కొంత చెప్పవలెను. తాను వ్యయము గాక యితర పదార్థములందు మార్పును త్వరపెట్టునది ఉత్ప్రేరకము. పాలసముద్రమును చిలికినపుడు వెన్నవలె వెలువడిన రత్నములు సముద్రమువేగాని మందరపర్వతమువి కావు. ఐనను మందరము లేక చిలుకుట లేదు. చిలికిన పిమ్మట మందరము తరుగనులేదు. అట్టిదే ఉత్ప్రేరకపు పని. 1915లోనే అమెరికాదేశమున గల్ఫ్ సంస్థకు చెందిన మెకాఫీ అను రసాయనవేత్త అల్యూమినియము క్లోరైడును ఉత్ప్రేరకముగ చేర్చి బరువునూనెను తుంచెను. కాని ఆ క్లోరైడు మడ్డితో కలిసి బురదయై పోవుచుండెను. ప్రతిమారును క్రొత్తది కొనవలసివచ్చిన ఉత్ప్రేరకము వ్యాపారికి గిట్టుబాటు కాదు.

హూడ్రీ వందలకొలది పదార్థములను ఒకదానివెనుక నొకటి పరీక్షించెను. ప్రతిదానిని వాడి, వచ్చిన నూనెను కొలిచి, గుణమును గుర్తించి, పుస్తకమున వ్రాసికొని, మరియొకదానికి పోవుట యతని నిత్యకృత్యము. తుదకు 1927లో అతని కోరికను తీర్చినది వెండిబంగారముల వంటిది గాదు. ఆమ్లముచేత శుద్ధిచేసిన ఒక తెగ మట్టి. ఇసుకలోని సిలికాయును, అల్యూమినియము భస్మమైన అల్యూమినాయును అందు కలిసియుండును. ఆ మట్టిబిళ్ల కంటికి నున్నగనున్నను లోపల సూక్ష్మమైన రంధ్రములతో నిండియుండును. బరువునూనె ఆవిరిని సుమారు 450 డిగ్రీల వేడిలో ఆ బిళ్లలపై పోనిచ్చినచో గొలుసులు తగినచోట తునుగుటయేగాక, తునిగిన ముక్కలు మేలైన ఆకారముతో మరల కూడుకొనుచుండెను. అట్లు దిగిన పెట్రోలును హూడ్రీ తన బుగాటీలో పోసి, ఎత్తైన దారిపై తోలి చూచెను. ఇంజను చప్పుడు చేయక ఎక్కెను. ప్రయోగశాలలోని గాజుగొట్టములకంటె పందెగానికి ఆ పరీక్షయే నమ్మకమైనది.

అసలు చిక్కు ఇప్పుడు వచ్చినది. నూనె తునుగునపుడు పుట్టు బొగ్గుమసి మట్టిబిళ్లల రంధ్రములను కప్పివేయును. కొన్ని నిమిషములలోనే మట్టి మందగించి ఊరకుండును. తక్కినవారు ఇచ్చటనే విసిగి విడిచిరి. హూడ్రీ బుద్ధి వేరు త్రోవను బోయెను. మసి అనగా బొగ్గే. బొగ్గునకు గాలి తగిలించినచో మండిపోవును. మండినచో మట్టి మరల శుభ్రమగును. వినుటకు ఇది పిల్లలకును తోచునట్టి మాట. చేయుటకు మాత్రము ఏండ్లు పట్టినది. మసి మండునపుడు పుట్టు వేడి అదుపుతప్పినచో మట్టిలోని రంధ్రములు కరగి మూసికొనిపోవును. అపుడు మసి పోయినను మట్టి పనికిరాదు. నూనెయావిరి లేశమైనను మిగిలియుండగా గాలి పంపినచో ప్రేలుడు తప్పదు.

అతడు చేసిన ఏర్పాటు మోటతోలు రైతు ఎడ్లజతలను మార్చుకొనుటవంటిది. ఒక జత అలసినపుడు దానిని విడిచి, మేసి సేదదీరిన మరియొక జతను కట్టుదురు. బావి నీరు మాత్రము ఆగదు. అట్లే మట్టిబిళ్లలు నింపిన ఉక్కుగదులను ప్రక్కప్రక్కన నిలిపి, ఒక గది నూనెను తునుకుచుండగా, రెండవగదిలోని ఆవిరులను వెడలగొట్టి, మూడవగదిలో గాలిచే మసిని కాల్చుటయు, సుమారు పదినిమిషముల కొకమారు పనులు మారుటయు అతని విధానము. వాల్వులన్నియు గడియారమువంటి యంత్రముచేత వానియంతట అవియే తెరచి మూసికొనుచుండెను. మసి మండిన వేడిని గ్రహించుటకు గదులలోని గొట్టములగుండ కరగిన ఉప్పును ప్రవహింపజేసిరి. మసి కాలిన పొగను సైతము ఊరక పోనీయక, దానిచే టర్బైనును త్రిప్పి, ఆ టర్బైనుచేత మరల మసిని కాల్చుటకు వలయు గాలిని ఒత్తించిరి. మట్టిని కనుగొనుట ఒక ఎత్తు. ఆ మట్టిని నిమిషనిమిషమును బ్రదికించుట రెండవ ఎత్తు. హూడ్రీ పేరు నిలిచినది ఈ రెండవదానివలననే యని చెప్పుట న్యాయము.

ఇంత చేసినను ఐరోపాలో అతనికి తగిన ఆదరణము దొరకలేదు. 1930లో అమెరికాలోని వాక్యూం ఆయిల్ సంస్థవారు పిలువగా హూడ్రీ సంసారముతోగూడ సముద్రముదాటి న్యూజెర్సీ రాష్ట్రమున పాల్స్‌బరోకు చేరెను. మరుసటియేట ఆ సంస్థ మరియొక సంస్థతో కలిసి సోకోనీ-వాక్యూం ఆయెను. హూడ్రీ ప్రాసెస్ కార్పొరేషనును ఏర్పడెను. కాని అది ప్రపంచమంతట ఆర్థికమాంద్యము వ్యాపించిన కాలము. ధనము ఒసగువారి చేతులు ముడుచుకొనెను. పని నత్తనడక నడచెను.

1933లో సన్ ఆయిల్ సంస్థ ముందునకు వచ్చినది. దాని కారణము గమనింపదగినది. ఇంజనులో చప్పుడు తగ్గించుటకు ఆ దినములలో పెక్కుసంస్థలు పెట్రోలునందు సీసముతో చేసిన ఒక ద్రవమును కలుపుచుండెను. చుక్కలలో కలిపినను పని సాగును; ఖర్చు స్వల్పము. సన్ సంస్థ అధిపతులైన ప్యూ కుటుంబమువారు సీసము కలుపుటకు ఇష్టపడక, సీసము లేకయే మేలైన పెట్రోలు అమ్ముచు వచ్చిరి. పోటీ పెరిగినకొలది వారి పెట్రోలునకు సహజముగనే ఎక్కువ ఆక్టేను అవసరమయ్యెను. హూడ్రీ విధానము వారికి అట్టి సాధనముగ తోచెను. సీసమునకు ప్రత్యామ్నాయముగ ఈ విద్య పెంపబడెనను సంగతి ముందు చెప్పబోవు కథకు మూలము.

1936లో పాల్స్‌బరో వద్ద దినమునకు 2,000 పీపాలు తునుకు మొదటి యంత్రము నడచెను. చమురు వ్యాపారమున పీపా యనగా సుమారు 159 లీటర్లు. 1937లో పెన్సిల్వేనియా రాష్ట్రమందలి మార్కస్ హుక్ వద్ద సన్ సంస్థవారు పదివేల పీపాలకు మించిన మహాయంత్రమును నిలిపిరి. వేడిచేత మాత్రమే తునుకు పాతపద్ధతిలో బరువునూనెనుండి పావువంతు పెట్రోలు వచ్చుచుండగా, ఇచ్చట ఇంచుమించు సగమువంతు వచ్చెను. అదియు మేలైన ఆక్టేను గలది. 1938లో షికాగోలో చమురు పరిశ్రమవారి సభయందు ఈ విషయము బయటపడగా తక్కిన సంస్థలు ఉలికిపడెను.

మరుసటియేట రెండవ ప్రపంచయుద్ధము మొదలయ్యెను. విమానముల ఇంజనులకు వలయు మేలిరకపు పెట్రోలు, చేతనున్నవారికి ఆయుధముతో సమానమయ్యెను. అమెరికా యుద్ధమున దిగిన మొదటి రెండేండ్లలో, ఉత్ప్రేరకముచే తునిగిన విమానపు పెట్రోలులో పదింట తొమ్మిదిపాళ్లు హూడ్రీ యంత్రములనుండి వచ్చినవే. రబ్బరుతోటలు శత్రువుల చేజిక్కినపుడు కృత్రిమ రబ్బరునకు మూలమైన బ్యూటడయీనును సహజవాయువులోని బ్యూటేనునుండి తీయు మరియొక ఉత్ప్రేరక విధానమును అతడు కల్పించెను.

1940లో అతని మాతృదేశము జర్మనులకు లొంగిపోయెను. విషీ నగరమున పేటాను నాయకత్వమున ఏర్పడిన ప్రభుత్వము శత్రువుతో సంధిచేసికొని నడచుచుండెను. హూడ్రీ దానిని అంగీకరింపక, అమెరికాలోని ఫ్రెంచివారిని కూడగట్టి ఫ్రాన్స్ ఫరెవర్ అను సంఘమునకు అధ్యక్షుడై, లండనునుండి పోరు సాగించుచున్న డీగాల్ పక్షమును బలపరచెను. అందులకు విషీ ప్రభుత్వము 1941లో అతని ఫ్రెంచి పౌరసత్వమును రద్దుచేసెను. జువెంకూర్ వద్ద ఏ దేశమునకై రక్తము చిందించెనో ఆ దేశపు జాబితానుండి అతని పేరు కొట్టివేయబడినది. 1942లో హూడ్రీ అమెరికా పౌరుడయ్యెను. అతని కుమారులిరువురును అమెరికా సైన్యమున పనిచేసిరి.

అదే సంవత్సరము అతని యంత్రమునకు ప్రబలమైన పోటీ పుట్టినది. హూడ్రీ సంస్థతో రాజీ కుదరక, న్యూజెర్సీ స్టాండర్డు ఆయిల్ సంస్థవారు మరికొన్ని సంస్థలతో కలిసి, మాసచ్యూసెట్సు విద్యాలయపు ఆచార్యులైన లూయిస్, గిలిలాండుల సహాయముతో వేరొక యంత్రమును సాధించిరి. అందు ఉత్ప్రేరకము బిళ్లలుగ గదిలో కదలకుండక, పిండివలె పొడియై, ఆవిరితోపాటు నీటివలె ప్రవహించుచు ఒక గదిలో నూనెను తునిపి, మరియొక గదికి పోయి మసిని కాల్చుకొని తిరిగివచ్చును. 1942 మే నెలలో బాటన్ రూజ్ వద్ద ఇది మొదటిమారు నడచెను. వాల్వులు తెరచి మూయు బాధ లేని ఈ పద్ధతి క్రమముగ ప్రపంచమంతట వ్యాపించి, హూడ్రీ ఉక్కుగదులను మూలబెట్టినది. మసిని కాల్చి మట్టిని బ్రదికించు మూలసూత్రము మాత్రము అతనిదే. 1957లో కాల్టెక్స్ సంస్థ విశాఖపట్టణమున నెలకొల్పినదియు, 1978లో హిందుస్థాన్ పెట్రోలియము సంస్థలో కలిసినదియు నైన శుద్ధి కర్మాగారమునందును బరువునూనెను ఈ ప్రవాహపద్ధతిచేతనే తునుకుదురు.

యుద్ధము ముగిసిన వెనుక హూడ్రీ విశ్రాంతి గైకొని సుఖముగ కాలక్షేపము చేయగలవాడే. కాని మేలైన పెట్రోలు చౌకగ దొరకుటచేత కార్లసంఖ్య విపరీతముగ పెరిగి, నగరముల గాలి చెడసాగెను. లాస్ ఏంజెలెస్ నగరముపై కన్నులు మండించు పొగమంచు క్రమ్ముచుండెను. ఊపిరితిత్తుల పుట్టకురుపు హెచ్చుచుండుటకు కార్ల పొగయు కారణము కావచ్చునని హూడ్రీ కలతచెందెను. ఇంధనమును పెంచినవాడే దాని పొగను గురించి తలపోయుట లోకమున అరుదు. 1950 ప్రాంతమున అతడు ఆక్సీ-కాటలిస్ట్ అను సంస్థను స్థాపించి, కారు పొగగొట్టమున అమర్చు ఒక సాధనమును కల్పించెను. పింగాణీ కడ్డీలపై అల్యూమినా, ప్లాటినముల పలుచని పూత వేసి, వానిమధ్యనుండి పొగను పోనిచ్చినచో, ఇంజనులో సగము కాలి మిగిలిన నూనెయావిరియు, ప్రాణాంతకమైన కార్బను మోనాక్సైడును అచ్చటనే పూర్తిగ కాలిపోవును. మట్టిపైని మసిని కాల్చిన విద్యయే ఇచ్చట పొగను కాల్చుటకు వచ్చినది.

గిడ్డంగులలో సరకులెత్తు బండ్లకు సీసము లేని ఇంధనముతో ఈ సాధనము చక్కగ పనిచేసెను. వీథులలో తిరుగు కార్ల సంగతి వేరు. ఆ కార్లు త్రాగు పెట్రోలునందు సీసము కలదు. మండిన పొగతో సీసము వచ్చి ప్లాటినముపై పొరగా కూర్చుండి దానిని చంపివేయుచుండెను. మసియైనచో గాలితో కాల్చవచ్చును, సీసము కాలదు. మసిపట్టిన మట్టిని వేలమారులు బ్రదికించిన హూడ్రీ కాలకూటమువంటి ఈ సీసము నెదుట చేతులు కట్టుకొనవలసివచ్చెను. ఏ సీసము అక్కరలేకుండ పెట్రోలు చేయవచ్చునని మార్కస్ హుక్ వద్ద చూపెనో, ఆ సీసమే చౌకయైనందున లోకము దానిని విడువలేదు. ఈ సాధనముపై పేటెంటు అతనికి 1956లో దక్కెను. దానిని కొని కార్లకు అమర్చువారు రాలేదు.

హూడ్రీ పేర సుమారు నూరు పేటెంట్లు గలవు. 1959లో పారిశ్రామిక రసాయన కృషికై యొసగు పెర్కిన్ పతకము అతనికి లభించినది. 1962 జూలై 18వ తేదీన పెన్సిల్వేనియాలో డెబ్బదియవ యేట అతడు మరణించెను.

అటుపిమ్మట పండ్రెండేండ్లకు, 1974లో, అమెరికా ప్రభుత్వము సీసము లేని పెట్రోలును బంకులలో తప్పక అమ్మవలెనను నిబంధనను అమలులోనికి తెచ్చెను. 1975 నుండి ఆ దేశమున వెలువడిన క్రొత్తకార్లలో అధికభాగమునకు పొగగొట్టమున ఉత్ప్రేరక సాధనము అమర్పబడినది. సీసము పిల్లల మెదడునకు చేయు కీడు వైద్యులచే క్రమముగ స్థిరపడుటయు పెట్రోలునుండి దానిని తొలగించుటకు తోడ్పడెను. భారతదేశమున 1995లో నాలుగు మహానగరములందు అమ్ము క్రొత్తకార్లకు ఈ సాధనము విధింపబడెను. 2000వ సంవత్సరమున దేశమందంతటను సీసము కలిపిన పెట్రోలు అమ్మకము నిలిపివేయబడెను.